ప్రశ్నకి తోక

పోయినసారి పంచాయతీ ఎన్నికలప్పుడు, ఫిబ్రవరి నెలలో, ఆత్రేయపురం అవతల ఒక లంక ఊరి నుంచి నా మైకుసెట్టుకి పిలుపు వచ్చింది. ఊరి పేరు రాయను. ఆ మనుషులంతా ఇంకా అక్కడే ఉన్నారు, పొద్దున లేస్తే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవాలి. పిలుపు మామూలుది కాదు. సర్పంచి పదవికి నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లనీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, ఒకళ్ల చేత ఇంకొకళ్లని మూడేసి ప్రశ్నలు అడిగించాలని ఊరి పెద్దలు అనుకున్నారట. రెండు సెట్లు పెడితే ఎవరిది గట్టిగా మోగిందన్న తగువు వస్తుంది. అందుకని ఒకటే సెట్టు, అదీ ఎవరి మనిషినీ కాని నాది.

నేను చదివింది నాలుగో తరగతి. మైకు పని మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక రావులపాలెంలో షాపు నేనే నడిపాను. ఈ పనిలో మూడు మెట్లున్నాయి. స్తంభాలెక్కి హారన్లనే గొట్టం స్పీకర్లు కట్టి వైర్లు లాగేవాడు లైన్‌మన్. ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని గొంతులు పెంచీ తగ్గించీ చూసుకునేవాడు ఆపరేటరు. ఆ పైన ఓనరు. స్తంభాలెక్కడానికి మనిషిని పెట్టుకున్నాను గానీ మిగతా రెండూ నేనే. ఆపరేటరుకి ఒక కట్టుబాటు ఉంది. "హలో, మైక్ టెస్టింగ్" తప్ప తన మైకులో తాను ఇంకో మాట మాట్లాడకూడదు. పెళ్లి వంటలు చేసినవాడు బంధువుల బంతిలో కూర్చోడు, ఇదీ అంతే. ముప్ఫై ఏళ్లు ఆ కట్టుబాటు తప్పలేదు.

ఎన్నికల మైకులో అన్నిటికన్నా పనికొచ్చేది ప్రశ్న. "రోడ్డు మేమే వేశాం" అంటే వినేవాడు నిజమా అని చూస్తాడు. "మీ వీధిలో రోడ్డు ఎవరు వేశారు?" అంటే వాడే లోపల జవాబు చెప్పుకుని, అది తన మాటే అనుకుంటాడు. ఇంకా తెలివైనవాళ్లు "నువ్వు డబ్బు తీశావా?" అని అడగరు. "తీసింది ఎక్కడ పెట్టావు?" అని అడుగుతారు. దానికి ఏం చెప్పినా తీసినట్టే అవుతుంది. ఇలాంటి ప్రశ్నలకి మా వంతు సాయం ఒకటి ఉంది. చివరి మాట దగ్గర ఎకో మీట కాస్త తిప్పితే, "ఎవరు వేశారు... వేశారు... శారు..." అంటూ ఆ మాట నాలుగుసార్లు మోగి సన్నబడుతుంది. దాన్ని మేము తోక అంటాం. తోక ఉన్న ప్రశ్న జనం నెత్తిన కాసేపు వేలాడుతుంది. అవతలివాళ్లకి జవాబు లేదేమో అనిపిస్తుంది. అడిగినవాళ్లందరికీ నేను తోక పెట్టాను. ఇద్దరికీ ఒకే కొలత పెడితే న్యాయంగా ఉన్నట్టేనని అనుకున్నాను.

అది తప్పని మొదట అన్నది మా మనవరాలు దీప్తి. రాజమండ్రిలో డిగ్రీ, ఎలక్ట్రానిక్స్. దానికో పిచ్చి ఉంది, రాగం తాళం లేని సంగీతం కడుతుంది. గోదావరి దాటించే పంటు ఇంజను రొద, ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమనడం, నా హారన్ల కూత, అన్నీ రికార్డు చేసి, కంప్యూటర్లో సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది.

"ఇది పాటేంటే?" అన్నానొకసారి.

"పాట కాదమ్మమ్మా, చప్పుడు. చప్పుడుని శ్రద్ధగా వినడం."

"దానికి కంప్యూటరెందుకే? మీ తాత గురక విన్నాను ఇరవయ్యేళ్లు. నాకెవరూ దండ వెయ్యలేదు."

అది నవ్వి, హెడ్‌ఫోను నా చెవులకి పెట్టింది. అంతకుముందు వారం నేను చేసిన ఒక మీటింగు అది. అందులో తోకని బాగా సాగదీసింది. "వేశారు" అన్న మాట గుమ్మటంలో మోగినట్టు మోగుతుంటే, దాని అడుగున ఎవరిదో సన్నటి గొంతు "అది కాదండీ, నన్ను చెప్పనివ్వండి" అంటోంది. ఆ రోజు ఆంప్లిఫయర్ పక్కనే కూర్చున్నాను, ఆ మాట నేను వినలేదు.

"చూశావా? ఇద్దరికీ ఒకే తోక పెట్టినా ఒకటి కాదు. గట్టిగా, గబగబా మాట్లాడేవాళ్లు దాని మీద నుంచి దూకేస్తారు. నెమ్మదైనవాళ్ల మొదటి మాటలు దాని కింద పడి నలిగిపోతాయి" అంది.

నాకు కోపం వచ్చింది. నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్న పని నాకు నేర్పొద్దన్నాను. కానీ ఆ సన్నటి గొంతు రెండు రోజులు చెవిలో ఉండిపోయింది.

ఈలోగా మైకులన్నీ కలిపే నా మిక్సరులో ఎకో పాడైంది. షాపు అటక మీద మా ఆయన కాలం నాటి ఎకో పెట్టె ఒకటి ఉండేది. దీప్తి దాన్ని తన చప్పుళ్ల కోసం పట్టుకుపోయింది. అది తెమ్మన్నాను.

"అది మార్చేశానమ్మమ్మా. మీట సగం దాటితే తోక సన్నబడదు, లావెక్కుతుంది. ఒకసారి లావెక్కితే వెనక్కి తిప్పినా ఆగదు. కొత్తది కొనుక్కో."

"మోగే పెట్టె ఇంట్లో పెట్టుకుని కొత్తది కొనడానికి నాకేం పొయ్యేకాలం? సగం దాటను, సరేనా?"

ఆ లంక ఊరి మీటింగు రైసుమిల్లు ఆవరణలో, సాయంత్రం నాలుగింటికి. రెండు వర్గాలూ చెరో పక్క కూర్చుంటారు కాబట్టి, చెరి రెండు హారన్లు, తాడు పెట్టి కొలిచి సమానమైన దూరంలో కట్టించాను. ఎటు మోత తక్కువైనా అనుమానం నా మీదకే వస్తుంది. వేదిక మీద రెండు మైకులు. రెండూ ఎకో పెట్టెలోంచే ఆంప్లిఫయరుకి వెళతాయి. నా టెస్టింగ్ మైకు మాత్రం నేరుగా ఆంప్లిఫయరుకి. ఒకటికి మూడుసార్లు చూసుకున్నాను.

అభ్యర్థుల్లో ఒకరు సత్యవతిగారు, కలిగిన ఇల్లు. ఆవిడ ప్రశ్నలు రాసిపెట్టింది బావగారు, మూర్తిగారని రిటైరైన మాస్టారు. రెండో ఆవిడ వరలక్ష్మి. బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒకసారి వార్డు మెంబరుగా చేసింది. ఆవిడ ముందే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, నాకు మాట అందుకోడానికి కాస్త టైము పడుతుందండి. నా గొంతు వినపడుతుందంటారా?"

"నువ్వు మాట్లాడు తల్లీ. వినిపించడం నా పని" అన్నాను.

తర్వాత మూర్తిగారు వచ్చారు. మర్యాదస్తుడే. "మంగమ్మగారూ, మా మూడో ప్రశ్నకి కాస్త పొడుగు తోక పెట్టండి. నేను చెయ్యెత్తుతాను."

"ఇద్దరికీ ఒకటే తోకండి మాస్టారూ."

"అలాగే లెండి, పెద్దవారు మీరు" అని నవ్వుతూ వెళ్లారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ముందు సత్యవతిగారి వంతు. మొదటి రెండు ప్రశ్నలూ వీధిలైట్లు, కుళాయి నీళ్ల గురించి. మీట సగానికి ఇవతలే ఉంచాను. వరలక్ష్మి ప్రతిసారీ గొంతు సవరించుకుని, కొంగు సర్దుకుని, అప్పుడు మాట మొదలుపెట్టేది. తోక వెళ్లేదాకా ఆవిడ మొదటి మాటలు వినపడకపోవడం ఈసారి నేను చెవులారా విన్నాను. దీప్తి చిన్న రికార్డరు పట్టుకుని నా వెనకే నిలబడింది. నేను దాని వైపు చూడలేదు.

సత్యవతిగారు మూడో ప్రశ్న అందుకున్నారు. "మీరు మెంబరుగా ఉన్నప్పుడు మురుగుకాలవకి వచ్చిన సిమెంటు బస్తాలు మీ అరుగు మీద దించారు. కాలవ కట్టలేదు. ఆ బస్తాలు ఎవరింటికి వెళ్లాయి?"

మంచి ప్రశ్న అది, పనితనం నాకు తెలుస్తుంది. ఎత్తుకెళ్లారని ఎక్కడా అనలేదు, ఎవరింటికని మాత్రమే అడిగారు. మూర్తిగారు చెయ్యెత్తారు. ఆయన చెప్పారని తిప్పలేదు, అది నిజం. అలాంటి ప్రశ్న వినగానే తిప్పడం ముప్ఫై ఏళ్లుగా నా చేతికి అలవాటు. మీట సగం దాటింది.

"వెళ్లాయి... వెళ్లాయి... వెళ్లాయి..." సన్నబడలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, హారన్లలోంచి బయటికొచ్చి, మళ్లీ మైకుల్లో దూరి, పెద్ద రొదైపోయింది. మీట వెనక్కి తిప్పాను. ఆగలేదు. వరలక్ష్మి నోరు తెరిచింది. ఆవిడ మాటా అందులోనే పడి అదే రొదలో కలిసిపోయింది. సత్యవతిగారి పక్క నుంచి "చెప్పవే, ఎవరింటికి?" అని అరుపులు. కొంతమంది లేచారు. ఆ సాయంత్రం దొంగ అన్న మాట అంటుకుందా, తెల్లారి బళ్లో బియ్యం బస్తా ముట్టుకోనివ్వరు వరలక్ష్మిని.

"పెట్టె పీకెయ్ అమ్మమ్మా!" దీప్తి అరిచింది.

పీకాను. రొద ఆగింది, దాంతోపాటు వేదిక మీద రెండు మైకులూ చచ్చాయి. ఇక మిగిలింది నా చేతిలో టెస్టింగ్ మైకు. జనం నా వైపు తిరిగారు. ఈ పక్కవాళ్లు కొడతారో ఆ పక్కవాళ్లు కొడతారో తెలియదు, సెట్టు మిగులుతుందో లేదో తెలియదు. కట్టుబాటు తప్పాను.

"ఆ మోత నా పెట్టెది. ప్రశ్నకి తోక పెట్టింది నేనే. వరలక్ష్మి ఇంకా జవాబు చెప్పలేదు. అమ్మాయ్, ఇలా రా, ఈ మైకులో చెప్పు. అందరూ కూర్చోండి."

"ఆపరేటరువి నీకెందుకమ్మా?" అన్నాడెవడో.

"నాకెందుకా? ఇక్కడ ఎవరి మాటైనా నా హారన్లోంచే రావాలి కాబట్టి. కూర్చో."

కూర్చున్నాడు. వరలక్ష్మి దిగివచ్చి మైకు పుచ్చుకుంది. గొంతు సవరించుకుంది. కొంగు సర్దుకుంది. రెండు ఊపిర్లంత సేపు ఏ చప్పుడూ లేదు. నా పనిలో అంతసేపు హారన్లు ఊరికే ఉంటే ప్రాణం పోయినట్టుంటుంది. ఆ రోజు ఓర్చుకున్నాను.

"నమస్కారమండి. బస్తాలు మా అరుగు మీదే ఉన్నాయండి. వరదకి మీరంతా గట్టు మీద ఉన్నారు. నీళ్లు అరుగెక్కాయి. బస్తాలు బస్తాలుగానే రాళ్లైపోయాయండి. పారెయ్యలేక మా ఆయనా నేనూ పంటు రేవులోకి దొర్లించాం. మీరు రోజూ పంటెక్కేటప్పుడు అడుగేసే మెట్లు అవేనండి. ఆ మెట్లు ఎవరు వేశారని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

మీటింగు ముగియకుండానే పదిమంది రేవుకి నడిచారు, మూర్తిగారితో సహా. నేనూ వెళ్లాను. కింది మెట్టు మీద బురద ఎవరో కాలితో తుడిచారు. రాయి మీద సంచి నేత అచ్చుపడి ఉంది, మూతి కుట్టిన చోట దారం గీతతో సహా. మూర్తిగారు వంగి దాని మీద వేలు పెట్టి చూసి, కండువా దులుపుకుని వెళ్లిపోయారు.

వరలక్ష్మి ఓడిపోయింది. సిమెంటు మాట మాత్రం ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ ఇప్పటికీ బళ్లో వండుతోంది. నా సెట్టుకి ఆ చుట్టుపక్కల నుంచి పిలుపులు తగ్గాయి. ఆపరేటరు మధ్యలో మాట్లాడుతుందట, తోక పెట్టదట అని చెప్పుకున్నారు. రెండూ నిజమే. ఏడాది తిరక్కుండా షాపు మూసేశాను. ఎకో పెట్టె దీప్తికే ఇచ్చేశాను. ఆ సాయంత్రపు రొదని అది తన సంగీతంలో వాడుకుంది. వినమంటే విన్నాను. నాకది ఇప్పటికీ పాటలా లేదు. కానీ రొద తెగిన చోట వరలక్ష్మి ఊపిరి రెండుసార్లు వినపడుతుంది. అక్కడ ఏమీ కలపలేదట, ఉన్నది ఉన్నట్టే ఉంచిందట.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఒకటే. ఇద్దరి మైకులూ ఒకే కొలతకి పెట్టడంతో పని అయిపోదు. ప్రశ్న పూర్తవగానే అడిగినవాళ్ల మైకు కట్టెయ్యాలి, రెండో మైకు తెరిచి చెయ్యి మీట మీద నుంచి తీసెయ్యాలి. ఆ తర్వాత ఎంతసేపు నిశ్శబ్దంగా ఉన్నా ముట్టుకోకూడదు.