మూడు ఆదివారాలు నిలబెట్టిన మనిషి

మట్టెవాడలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో మా మందిరం. పంతొమ్మిదేళ్లుగా నేను అక్కడ పాస్టరును. ఆదివారం పొద్దున కింద షట్టరు వేసి ఉంటుంది కాబట్టి మా పాటలకు ఎవరూ అడ్డు చెప్పరు. ఒకప్పుడు ఆ పాటలకు డోలక్ వాయించే మనిషి ఉండేవాడు. ఇళ్లకు రంగులు వేయడం అతని పని. ఎంత కడుక్కొని వచ్చినా గోళ్ల సందుల్లో ఏదో ఒక రంగు మిగిలే ఉండేది. పాటల పుస్తకం తెరిచేవాడు కాదు, అన్నీ నోటికే వచ్చు. ముసలమ్మలు రాగం తప్పితే దెబ్బ నెమ్మది చేసి, వాళ్లు అందుకున్నాక మళ్లీ వేగం పెంచేవాడు. నా ప్రసంగం కోసం ఎంతమంది వచ్చేవారో చెప్పలేను గానీ, రోడ్డు మీద పోతూ ఆ డోలక్ విని మెట్లెక్కినవాళ్లు నాకు తెలుసు.

అతనికి తాగుడు ఉండేది. మానేశానని సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. రెండేళ్లు మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత బంధువుల పెళ్లి బరాత్‌లో తాగి, డప్పుల ముందు చొక్కా విప్పి ఎగిరాడు. ఎవరో ఫోనులో తీశారు. రెండు రోజుల్లో అది మా సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది.

ఆ సాయంత్రమే సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సంఘంలో అందరూ సారూ అంటారు, నేనూ అలాగే అంటాను.

"అయ్యగారూ, దీన్ని గిట్లనే ఇడిచిపెడితే రేపు ఒక్కొక్కడు తాగి వస్తడు," అన్నాడు.

ఆయన బలవంతం చేస్తే చేశానని చెప్పుకోవచ్చు. కానీ నాకూ అదే కావాలి. పక్క వీధిలో కొత్త మందిరం ఒకటి లేచింది. అక్కడి పాస్టరు చాలా కట్టుదిట్టంగా ఉంటాడని మావాళ్లే చెప్పుకుంటున్నారు. నేను మెత్తనివాణ్ని కాదని చూపించుకోవాలని నాకు ఉండింది. మూడు ఆదివారాలు సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలని, అప్పటిదాకా ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఇవ్వబోమని తీర్పు చెప్పాను.

మొదటి ఆదివారం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకొని వచ్చాడు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"నేను తాగిన. తప్పయింది. నన్ను మాఫ్ చేయండ్రి," అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

ముందు వరుసలో కూర్చునే ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచి, అతన్ని దగ్గరికి తీసుకోబోయింది. నేను చేయెత్తి ఆమెను ఆపాను. "ఇంకా రెండు వారాలు ఉందమ్మా, కూర్చో," అన్నాను. ఆమె నావైపు అర్థం కానట్టు చూసి, మెల్లగా చాప మీద కూర్చుంది. అతను ఆమె వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

రెండో ఆదివారం అవే మాటలు చెప్పాడు, ఈసారి మాత్రం ఏడవలేదు. ఆ రోజు ఇంటికి వచ్చాక నా భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది. "నువ్వు ఆయనను మాఫ్ చేస్తానవా, సతాయిస్తానవా?"

"సంఘం సంగతి నీకెందుకు," అన్నాను.

మూడో ఆదివారం అతను ఎవరినీ చూడలేదు. ఎదుటి గోడను చూస్తూ ఆ నాలుగు మాటలు చెప్పేసి కూర్చున్నాడు. ఇక ఇతను మనవాడే అని నేను ప్రకటించాను. ఆ రోజు కృప గురించి ప్రసంగించాను. అర్హత లేనివారికి ఉచితంగా దొరికేదే కృప అన్నాను. బాగా వచ్చింది, చాలామంది ఏడ్చారు. అతను నా చేతి నుంచి రొట్టె తీసుకున్నాడు.

తర్వాతి వారం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అతని తల్లి మాత్రం వచ్చేది. "వాడు ఇగ రాడయ్యా. ఇంట్ల గూడ ఎవలతోని మాట్లాడుతలేడు," అని చెప్పింది. మళ్లీ తాగుతున్నాడని ఇంకెవరో చెప్పారు. చూశారా, నేను అనుకున్నదే అయిందని సారుతో అన్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం నేను ప్రసంగం రాసుకుంటున్నాను. నా భార్య పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు తుంపుతోంది. అతని ఇంటికి వెళ్లి వచ్చానని చెప్పింది. నేను తలెత్తలేదు.

"ఒక్కసారి పోయి పిలువు. నువ్వు పిలిస్తే వస్తడు," అంది.

"వాడంతట వాడు రావాలి."

"నీకు చాతగాకపోతే నేను పోయి మాఫీ అడుగుత. రేపు ఏం చెప్తవ్? మల్ల ప్రేమ గురించేనా?"

నేను లేచి ఆమెను కొట్టాను. చేయి లేచింది అని రాయబోయి ఆగాను. చేయి దానంతట అది లేవలేదు. ఎడమ చెవి మీద, అరచేత్తో, నా బలమంతా పెట్టి కొట్టాను. చిక్కుడుకాయలు గదంతా చెదిరిపోయాయి. ఆమె ఏడవలేదు. చెవి మీద చేయి పెట్టుకొని, ఆ చేయి తీసి చూసుకుంది. వేలికి కొంచెం నెత్తురు అంటింది.

సారుకు ఫోను చేస్తే కారు తెచ్చాడు. ఆమె చెంప మీద నా వేళ్ల గుర్తులు ఆయన చూశాడు. ఏమీ అడగలేదు. దవాఖానలో డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరి చిరిగిందని, దెబ్బ ఎలా తగిలిందని అడిగింది. నా భార్య నావైపు చూసింది. నేను చెబుతానేమోనని చాలాసేపు చూసింది. నేను నేలను చూస్తూ నిలబడ్డాను.

"బాత్రూంల జారి పడ్డ," అంది ఆమె.

బయటికి వచ్చాక సారు నా భుజం మీద చేయి వేశాడు. "మనుషులం, అయితది అయ్యగారూ. ఫికర్ చేయకండ్రి. ఈ ముచ్చట మన ముగ్గురి నడుమనే ఉంటది," అన్నాడు. ఆ మాటతో నన్ను క్షమించడం అయిపోయింది. దవాఖాన గేటు నుంచి కారు దాకా నడిచేంతసేపు కూడా పట్టలేదు.

మర్నాడు నాకు బదులు ఆయనే ప్రసంగించాడు. అమ్మగారి చెవి బాగుకావాలని సంఘమంతా మోకాళ్ల మీద ప్రార్థన చేశారట. వారం రోజులు మా ఇంటికి కూరలు, పండ్లు వచ్చాయి. ముందు వరుస ముసలమ్మ వచ్చి నా తల నిమిరి, "అమ్మకు గిట్లయితే నీకు ఎంత కష్టమయ్యా," అని ఏడ్చింది. అంత ప్రేమ నా జీవితంలో నా మీద ఎప్పుడూ కురవలేదు. దేన్నీ తీసుకోలేకపోయాను. వాళ్లు ప్రేమించేది అబద్ధం వెనక దాక్కున్న మనిషిని. నిజం తెలిసిన మనిషి లోపల గదిలో గోడ వైపు తిరిగి పడుకొని ఉంది.

పదో రోజు ఆమె పరకాలలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. సారూ నేనూ వెళ్లాం. "మందిరం పేరు ఖరాబైతది చెల్లె," అని ఆయన చాలా రకాలుగా చెప్పాడు. ఆమె అన్నీ విని ఒకటే అడిగింది.

"చేసింది సంఘం ముందట చెప్పమనండ్రి. గంతే. ఇప్పుడే వస్త."

"చెప్తాను," అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. ఆమె ఆ మాట నమ్మి ఆ పూటే బస్సెక్కింది.

శనివారం సారు ఇంటికి వెళ్లి, రేపు చెబుతున్నానన్నాను. ఆయన కోప్పడలేదు. చాయ్ తెప్పించి, నెమ్మదిగా మాట్లాడాడు.

"చెప్తే మీ మనసు తేలికైతది. మరి సంఘం ఏం గావాలె? సగం మంది పక్క మందిరానికి పోతరు."

"అతన్ని మూడు వారాలు నిలబెట్టాం కదా సార్."

"ఆయన డోలక్ కొట్టెటోడు అయ్యగారూ. మీరు దేవుని సేవకులు."

ఆ మాట తప్పని నాకు తెలుసు. అయినా వినగానే నా గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగినట్టు అనిపించింది. అంతకంటే సిగ్గుపడాల్సింది నాకు ఇంకేదీ లేదు.

ఆదివారం నా భార్య ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా ముందుకు వచ్చి కూర్చుంది. నేను లేచాను. సంఘాన్ని చూశాను. బైబిలు తెరిచి, రాసుకొచ్చిన ప్రసంగం చదివాను. ముగిసేదాకా ఆమె నా మీద నుంచి చూపు తిప్పలేదు. రొట్టె విరిచే వేళకు, సంఘంలోని చిన్నపిల్లలను తీసుకొని బయట మెట్ల మీదికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఇప్పటివరకు ఆమె నా చేతి నుంచి రొట్టె తీసుకోలేదు. పిల్లలను ఎంత బాగా చూసుకుంటుందో అని అందరూ మెచ్చుకుంటారు.

ఆ తర్వాత నేను రైలు పట్టాల అవతల ఉన్న ఆ డోలక్ మనిషి ఇంటికి వెళ్లాను. గడప మీద కూర్చొని ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు, కళ్లు పచ్చగా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడబోయాడు. వద్దని పక్కన కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. ఆ నిజం నా నోట విన్నది అతనొక్కడే.

అతను అంతా విన్నాడు.

"మీరు నిలబడ్డరా అయ్యగారూ?"

"లేదు."

"నేను నిలబడ్డ," అన్నాడు. కోపంగా అనలేదు.

అతని భార్య చాయ్ తెచ్చింది. తాగమని అతనే గ్లాసు నా చేతికిచ్చాడు. నన్ను క్షమించమని అడిగాను.

"పోనియ్యండ్రి. నాకు మీ మీద కోపం లేదు. గా రోజు మీరు కృప గురించి చెప్పింది నేను నమ్మిన. కిందికి దిగంగనే మెట్ల కాడ అందరు నాకు జర దూరం జరిగిండ్రు. అప్పుడు సమజైంది, గది నాకు గాదని."

మందిరానికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. డోలక్ అయినా ఇంటికి తెచ్చిస్తానన్నాను. "ఒద్దు. చేతులు వణుకుతానయ్," అన్నాడు.

నన్ను క్షమించిన మనిషి దగ్గర నుంచి లేచి వస్తున్నప్పుడు మనసు తేలిక కావాలి. కాలేదు. అతను చేయగలిగింది అతను చేశాడు. మిగిలింది నేను చేయాలి. అది చేయనని పట్టాలు దాటుతున్నప్పుడే నాకు తెలుసు.

ఈ ఎండాకాలం అతను పోయాడు. కాలేయం పూర్తిగా పాడైందన్నారు. అతని తల్లి నా దగ్గరికి మనిషిని పంపలేదు, తానే వచ్చింది. "నువ్వే వచ్చి ప్రార్థన చేయాలెనయ్యా. వాడు నీ సంఘపోడే," అంది. ఆ తల్లి ముఖంలోకి చూడలేకపోయాను. సమాధి దగ్గర సంఘమంతా నిలబడింది. చెప్పాలంటే అంతకంటే మంచి చోటు లేదు. అతని ముందు, అతని తల్లి ముందు, రెండు మాటలు చాలు. నేను మామూలుగా చదివేవే చదివి, పిడికెడు మట్టి వేశాను. నా భార్య అతని భార్యను పట్టుకొని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. ఇక ఎదురుచూడటం మానేసిందని అప్పుడు తెలిసింది.

తిరిగి ఆటోలో వస్తూ నేనే అడిగాను. "నన్ను ఎప్పటికీ క్షమించవా?"

"అడుగుతానవ్ గాని, ఎవలకు తెల్వకుంట అడుగుతానవ్," అంది.

ఇప్పటికీ నేనే పాస్టరును. పాటలకు చప్పట్లు కొడతాం, అంతే. జనం తగ్గలేదు. సారు అప్పుడప్పుడు, చూశారా అయ్యగారూ, అంతా సర్దుకుంది అంటాడు. కృప గురించి ప్రసంగించడం మానుకున్నాను. ఎవరూ గమనించలేదు.

రాసిన ఈ కాగితాలు నిన్న ఆమెకు ఇచ్చాను. వంటింటి గడప దగ్గర కూర్చొని చివరిదాకా చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

"ఏ ఒక్కరి పేరు రాయలేదేంది?" అంది.

ఆమె పేరు, అతని పేరు రాయకపోవడానికి కారణం చెప్పగలను. నా పేరు ఎందుకు రాయలేదని ఆమె అడుగుతున్నదని ఇద్దరికీ తెలుసు. కాగితాలు జేబులో పెట్టుకున్నాను. ఆమె లేచి పొయ్యి వెలిగించింది.