కోదాడ నుంచి వచ్చిన ఎర్ర చెప్పులు

నా చిన్నప్పుడు ఆడపిల్లల చదువు పెళ్లి దగ్గరో, పేదరికం దగ్గరో ఆగిపోయేది. నా చదువు మాత్రం ఒక జత చెప్పుల దగ్గర ఆగబోయింది. మాది మోతె పక్కన చిన్న పల్లె. గొర్రెలే మా బతుకు. మా ఊళ్లో బడి ఐదో తరగతి దాకానే ఉండేది. ఆ పైన చదవాలంటే మోతె దాకా నడవాలి. దారంతా పల్లేరుకాయలు, తుమ్మముళ్లు. మా పెదనాయనకు ఒకసారి కాల్లో ముల్లు విరిగి చీము పట్టింది. అప్పటినుంచి ఆయన జీవితమంతా కుంటుతూనే నడిచాడు. అందుకే మా నాయనమ్మ పట్టు పట్టింది.

"సెప్పులుంటే బడికి పో. ఉత్తకాళ్లతోటి పోయి ముల్లిరిగి మంచమెక్కితే నాతోని కాదు. లేకుంటే ఇంటికాడ గొర్రెపిల్లల్ని సూసుకో" అని తేల్చేసింది. మా నాయనమ్మ మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు.

వరికోతలు అయిపోయాక కాలువ కింది రైతులు మా మందను తమ పొలాల్లోకి పిలిపించుకునేవారు. రాత్రంతా గొర్రెలు మడిలో పడుకుంటే అదే ఎరువు. దానికి రైతు వడ్లు కొలిచేవాడు. అట్లా మా నాయన చలికాలంలోనే మందను తోలుకొని వేములపల్లి వైపు పోయేవాడు. ఎండలు ముదిరితే మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు దిగేవాడు. మళ్లీ తొలకరి పడితేనే ఇంటి ముఖం చూసేది.

నేను ఐదో తరగతిలో ఉన్న యేడు, మందతో పోయేముందు నాయన నన్ను నేలమీద నిలబెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా చీపురుపుల్ల ఆనించి, సరిగ్గా అక్కడికి తుంచాడు. మా వైపు చెప్పుల కొలత అంటే అదే. పిల్లను అంగడికి తీసుకుపోయేది ఎవరు? పుల్ల పోతే చాలు. దాన్ని తలగుడ్డ మడతలో దోపుకొని, "వచ్చేటప్పుడు కోదాడల కొనుక్కొస్త బిడ్డా" అన్నాడు.

ఇక నా ఎదురుచూపు మొదలైంది. ఆ చెప్పులు నా మనసులో రోజుకో తీరుగా ఉండేవి. ఒకరోజు వాటికి పువ్వులుండేవి, ఇంకోరోజు వెండి బకిళ్లు. వాటికి లేని సోకు లేదు. తోటి పిల్లలకు చెప్పీ చెప్పీ, చూడకముందే వాళ్లకు కూడా ఆ చెప్పులంటే విసుగు పుట్టించాను.

తొలకరి పడింది. నాయన వచ్చాడు. కాళ్లన్నా కడుక్కోకుండా కాగితం పొట్లం విప్పాడు. ఎర్రటి ప్లాస్టిక్ చెప్పులు, నిజంగానే పక్కన బకిల్ ఉంది. కాలు పెట్టాను. వేళ్లు ముందు గోడకు తగిలినట్టు తగిలాయి, మడమ మాత్రం బయటే ఉండిపోయింది. తోలుదైతే నాలుగు రోజులకు సాగేది. ప్లాస్టిక్ సాగదు.

నేను నోరు తెరిచే లోపలే మా నాయన కోదాడ దుకాణం సంగతి ఎత్తుకున్నాడు. ఆ దుకాణదారుడు, "పిల్ల ఎదుగుద్ది కదండీ, ఓ సైజు పెద్దయి తీసుకోండి" అన్నాడట. మా నాయన తలగుడ్డలోంచి పుల్ల తీసి, "నా పుల్ల తప్పు జెప్పది" అని, చెప్పు అడుగు మీద ఆనించి కొలిచి మరీ తెచ్చాడట. పట్నం వాడు తనను మోసం చేయలేకపోయాడని ఆయనకు ఎంత సంబరమో. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ కథ చెప్పాడు. వాళ్లంతా నా కాళ్ల వంక చూసేవారు. నేను పావడా కిందికి లాగి, మడమలు కప్పుకొని నవ్వేదాన్ని.

అప్పుడు నేను పడ్డ ఇరుకు ఇంతా అంతా కాదు. చెప్పులు పట్టడం లేదంటే, చెప్పులు లేనట్టే లెక్క. చెప్పులు లేకపోతే బడి లేదు. పట్టాయంటే రోజూ ఆ నరకంలో కాళ్లు పెట్టాలి. ఆ వయసులో నాకు మూడో దారి కనబడలేదు. పట్టాయనే చెప్పాను.

ఊరు దాటే దాకా పళ్లు బిగబట్టి నడిచేదాన్ని. చివరి ఇల్లు దాటగానే చెప్పులు విప్పి చేత పట్టుకొని, ఏ ముళ్లకు భయపడి చెప్పులు తెచ్చారో ఆ ముళ్లలోనే ఉత్తకాళ్లతో నడిచేదాన్ని. మోతె రాగానే మళ్లీ తొడుక్కోవాలి. సాయంత్రం ఇల్లు కనబడగానే మళ్లీ తొడుక్కోవాలి. బొటనవేలి గోరు నల్లబడింది. మడమలు పగిలి పుండ్లయ్యాయి. బడిలో పంతులుగారు ఏం చెబుతున్నారో ఒక్క ముక్క ఎక్కేది కాదు, నా ధ్యాసంతా కాళ్ల మీదే. ఎదురుచూసిన బడి కూడా ఇంతేనా అనిపించేది. ఇంట్లో ఎవరైనా ప్రేమగా "సెప్పులు మంచిగున్నయా బిడ్డా" అని అడిగితే, మంచిగున్నాయని చెప్పి అక్కణ్నుంచి తప్పుకునేదాన్ని.

ఒక సాయంత్రం నాయన వాకిట్లో కూర్చొని తాడు పేనుతున్నాడు. నేను గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్నాను. నన్ను చూడకుండానే, తాడు మీదే కళ్లు పెట్టి ఒక సంగతి చెప్పాడు. నేను పుట్టకముందు మందలో ఒక పొట్టేలుపిల్ల ముద్దుగా ఉండేదట. దిష్టి తగలకుండా తానే దాని మెడకు నల్లతాడు కట్టాడట. పిల్ల ఎదిగింది, బొచ్చు పెరిగింది, తాడు లోపలికి పోయి కనబడకుండా అయింది. మేత తగ్గిందేమిటా అని ఒకరోజు బొచ్చు తీసి చూస్తే, తాడు మెడలోకి దిగి పుండు పడి ఉంది. ఆ పిల్ల దక్కలేదు.

"ఒక్కపాలి అరిసినా సూసేటోణ్ణి. అది అరవలే" అన్నాడు. తాడు ఇంకో మెలిక తిప్పి, "కట్టినోణ్ణి నేనే గద. దాందేం తప్పు" అన్నాడు.

నా చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. ఏడుపు ఆగలేదు. "సెప్పులు పడ్తలేవు నాయనా" అన్నాను. ఆయన తాడు పక్కన పెట్టి, నన్ను కూర్చోబెట్టి, నా కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. గోరు చూశాడు, మడమ చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది. అంత సంబరపడ్డ మనిషి ముఖం నా మాటతో అట్లా అయిపోతే చూడలేక, కాలు లాక్కొని ఎక్కడికైనా పారిపోదామనిపించింది. ఆయన వదల్లేదు.

"నువ్వింక గంతనే ఉన్నవనుకున్న బిడ్డా" అన్నాడు.

అన్ని నెలలు కృష్ణ ఒడ్డున ఎండలో ఆయన తలమీద మోసింది నా కాలు కాదు, నేను ఎప్పుడో దాటిపోయిన కాలు. అది ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన ఏడవలేదు కానీ, చాలాసేపు నా కాలు అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. నేనూ కదలకుండా కూర్చున్నాను.

తర్వాత నా అసలు భయం బయటికి వచ్చింది. "ఇగ బడి బంద్ చేయిస్తరా?" అని అడిగాను. గడప మీద కూర్చొని అంతా వింటున్న నాయనమ్మ ఒక్కసారిగా లేచింది.

"నేను సెప్పులన్న గని కోదాడ సెప్పులన్ననా? ఊర్ల సెప్పులు కుట్టే తాత లేడా? పొద్దుగాల్నే తోలు తీస్కపోండ్రి!" అని కసిరింది.

నేను ఉక్కిరిబిక్కిరైన ఇరుకులో ఇంత పెద్ద తలుపుందని నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

చెప్పులు కుట్టే తాత నా కాలు నేలమీద పెట్టించి, చుట్టూ బొగ్గుతో గీసుకొని, బర్రెతోలుతో చెప్పులు కుట్టాడు. అవి బాగున్నాయని అబద్ధం చెప్పలేను. బండరాళ్లంత బరువు. అడుగు వేస్తే కిర్రుకిర్రుమనేవి. నేను తరగతిలోకి రాకముందే నా చప్పుడు వచ్చేది, పిల్లలు నవ్వేవారు. ఇంటికొచ్చి ఆ మాట కూడా నాయనకు చెప్పేశాను. ఆయన ఆముదం రాశాడు. చప్పుడు పోలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ చప్పుడుతోనే పదో తరగతి దాకా నడిచాను. ఎర్ర చెప్పులు మా చిన్నాయన కూతురికి పోయాయి. దాని కాలికి అవి అచ్చంగా సరిపోయాయి. అది వేసుకొని తిరుగుతుంటే నాకు కడుపు మండేది.

ఇప్పుడు సూర్యాపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న వాడు నా నడుము నొప్పి చూడలేక, మిర్యాలగూడ దాకా పోయి ఖరీదైన పరుపు తెచ్చి వేశాడు. దాని మీద పడుకుంటే గుంతలో పడినట్టుంది. తెల్లారి కాఫీ గ్లాసు పట్టుకొని వచ్చి, "ఎట్లుందమ్మా?" అని ఆశగా అడిగాడు. బాగుందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "నాకు పడ్తలేదు బిడ్డా" అన్నాను.

వాడి ముఖం వాడిపోయింది. ఆ మాట అనేసి లేచిపోవడం ఎవరైనా చేస్తారు. నేను లేవలేదు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని, వాడి ముఖం తేటపడేదాకా చెయ్యి పట్టుకొనే ఉన్నాను.