వదిన సీతాకోకచిలుక, నా సీతాకోకచిలుక

మొన్న చిరాగ్‌పల్లి దగ్గర బస్సు పంక్చరై ఆగింది. దిగి నిలబడితే రోడ్డు పక్క జిల్లేడు పొద మీద ఒక నారింజ రంగు సీతాకోకచిలుక వాలింది. దాన్ని చూడగానే, అరవైకి దగ్గరపడ్డ ఈ వయసులోనూ, మా మేనత్త కూతురి మీద నాకు అసూయ పుట్టింది. డెబ్బైల చివర్లో జహీరాబాదులో మా రెండిళ్లకూ నడుమ ఒక్కటే గోడ. నాకన్నా ఏడాది పెద్దదైన ఆమె వరసకు వదిన. ఆమె రిబ్బన్లు బొంబాయివి, చెప్పులు బొంబాయివి. వాళ్ల నాన్న, అంటే మా మామయ్య, లారీలో అల్లం వేసుకుని అక్కడికి వెళ్లొచ్చేవాడు. నాకున్నది ఒక్కటే విద్య. జిల్లేడాకుల మీది చారల గొంగళిపురుగుల్ని డబ్బాలో మేపి, రెక్కలు రాగానే వదిలేయడం. సైన్సు సారు అది విని, బడిలో అందరికీ చూపిద్దాం, ఒకటి తెమ్మన్నారు.

సరిగ్గా ఆ వారమే మామయ్య బొంబాయి నుంచి ఒక అద్దాల పెట్టె తెచ్చాడు. అందులో సూదితో గుచ్చి పెట్టిన అమెరికా సీతాకోకచిలుక. రంగు నా వాటి రంగే, కానీ వాటికన్నా పెద్దది. రెక్కల నిండా కాటుకతో గీసినట్టు నల్లటి ఈనెలు. నా వాటికి ఆ సింగారం లేదు, రెక్క కొసన నలుపులో ఒక తెల్ల పట్టీ, అంతే. “నీదిగూడ తే, పక్కపక్కన పెడదాం” అంది వదిన, మంచి మనసుతోనే. ఆ మంచితనమే నన్ను ఎక్కువ మండించింది.

మర్నాడు పొద్దున నా డబ్బాలో ఒకటి గూడు చీల్చుకుని బయటికొచ్చింది. ఎగిరిపోయేదాన్ని ఎవరు మెచ్చుకుంటారనిపించింది. రెక్కలు ఆరీ ఆరకముందే అమ్మ గుండుసూది తెచ్చి దాన్ని అట్టముక్కకు గుచ్చేశాను. అది కాళ్లు ఆడిస్తుంటే మొహం పక్కకు తిప్పుకున్నాను.

సారు రెంటినీ బల్ల మీద పెట్టించారు. “ఇవి రెండు దూరపు సుట్టాలే. గిది జిల్లేడు తింటది, అది వాళ్ల దేశంల పాలుగారే ఇంకో మొక్క తింటది. చేదని పిట్టలు రెంటినీ ముట్టవు. అదైతే చలికాలం వస్తే వేల మైళ్లు ఎగిరి పోతది” అన్నారు. పిల్లలంతా మళ్లీ అద్దాల పెట్టె మీదే పడ్డారు. వదిన ఒక్కతే నా అట్ట వైపు చూస్తూ నెమ్మదిగా అడిగింది: “నాదైతే సచ్చే వచ్చింది. నువ్వు బతికున్నదాన్ని ఎందుకు సంపినవే?”

నేను అట్టను సంచిలో దాచేశాను. ఆ తర్వాత ఒక్క పురుగునూ పెంచలేదు.

మొన్న ఆ రోడ్డు పక్కనుంచే వదినకు ఫోన్ చేసి, ఆనాడు అసూయతోనే ఆ సీతాకోకచిలుకను చంపానని ఒప్పుకోబోయాను. “ఏం సీతాకోకచిలుకనో, నాకైతే యాదికి లేదు. నువ్వు జర పైలంగ ఇంటికి పో” అంది. నలభై ఏళ్లు దాటిన కాలం ఆ రోజును ఆమె మనసులోంచి తుడిచేసి, నా దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు ఉంచింది. ఇప్పుడు ఆ మరపును చూసి కూడా ఆమె మీద నాకు అసూయే.