లివర్ ఇయ్యబోయే తమ్ముడికి బంక లడ్డూలు

2023 ఎండాకాలం. ఆదిలాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పనిచేసే గంగన్న వచ్చాడు. వాళ్ళక్క లివర్ పూర్తిగా పాడైంది. తన లివర్‌లో ముక్క ఇస్తానన్నాడు. కానీ అతనికి ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకుంది. అది తగ్గితేనే ఆపరేషన్ అని హైదరాబాద్ డాక్టర్లు తేల్చిచెప్పారు. తగ్గించే పని నా మీద పడింది.

అన్నం తగ్గించమన్నాను, నడవమన్నాను. నెల తర్వాత అక్క లక్ష్మిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. స్కాన్ చూస్తే కొవ్వు ఇంకా పెరిగింది! తాగుతున్నాడేమో అనుకుని అడిగేశాను.

“అక్క మీద ఒట్టు మేడమ్, చుక్క ముట్టలే. పొద్దుగాల లేచి నడుస్తున్న. చెట్ల బంక లివర్‌కు మంచిదని ఫోన్ల చెప్పిండ్రు. గది సుత తింటున్న.”

అది ఉత్త పుకారేం కాదు. మొక్కల బంకల్లో పాలీసాకరైడ్లు ఉంటాయి. చక్కెర అణువులు గొలుసుగా కలిసిన, పీచులాంటి పదార్థాలివి. కొన్ని లివర్ కొవ్వును తగ్గిస్తాయేమోనని పరిశోధనలు చేస్తున్నారు. మందుగా ఇంకా తేలలేదు. అయినా బంక తింటే కొవ్వు పెరగడమేమిటి?

“ఎట్ల తింటున్నరు?” అన్నాను.

లక్ష్మి ముఖం వెలిగింది. “నేనే చేసి పెడుతున్న మేడమ్. డింక్ లడ్డూలు. బంకను నెయ్యిల పొంగిచ్చి, బెల్లం, ఎండుకొబ్బరి ఏసి చేస్తున్న. నాకోసం కోతకు పండుకునేటోడు, బలం ఉండాలె గద?”

బాలింతలకు పెట్టే లడ్డూలు! నిలబడే ఓపిక లేని మనిషి పొయ్యి ముందు కూర్చుని ఇంత పని చేసింది. ఆ నెయ్యి, బెల్లమే కొవ్వు పెంచుతున్నాయని చెప్పక తప్పదు, చెప్పాను.

“అంటే నా పానం మీదికి నేనే తెచ్చుకున్ననా?” అంది.

“గట్లనకు అక్కా,” అంటూ గంగన్న ఏడ్చేశాడు.

ఆ రోజుతో లడ్డూలు ఆగిపోయాయి. వానలు పడేనాటికి కొవ్వు తగ్గింది. అప్పటికి లక్ష్మి లేదు. గంగన్న ఒక్కడే వచ్చి రిపోర్టు నా ముందు పెట్టాడు.

“ఇప్పుడు మంచిగున్నది గద మేడమ్?”

“మంచిగుంది గంగన్నా.”

“మరి ఎవలకియ్యాలె?”

ఏం తింటున్నారని అడిగి ఊరుకోను నేనిప్పుడు. వండే మనిషిని మొదటి రోజే పిలిపిస్తాను. తినేవాళ్ళకంటే ముందు ప్రేమగా పెట్టేవాళ్ళకు చెప్పాలని లక్ష్మి నేర్పి పోయింది.