గోడ మీద ఏటవాలు గీత

దెయ్యాలూ శకునాలూ నేను పట్టించుకునే రకం కాదు. ఫోటోలో తెల్ల మచ్చ చూపించి వెనక ఎవరో నిలబడ్డారంటూ మా స్టూడియోకి వచ్చినవాళ్లకు, అది లెన్స్ మీద తేమ అని చెప్పి పంపేవాణ్ణి. అందుకే ఈ సంగతి రెండేళ్లుగా మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

విజయవాడలో మాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు రంగుల్లో తీయడం నా బతుకుతెరువు. నలుపు తెలుపు మాత్రం నా సొంత పిచ్చి. రంగు లేనప్పుడు చూపును నడిపించేవి గీతలే. అడ్డగీత ఫోటోను నిద్రపుచ్చుతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు సాగే ఏటవాలు గీత దాన్ని కుదురుగా ఉండనివ్వదు. అలాంటి గీతల కోసం ఆదివారాలు ఊళ్లు తిరిగేవాణ్ణి.

అలా ఓ పొద్దున పెడన దగ్గర ఆంజనేయులు గారింటికి వెళ్లాను. ఆయన చేనేత కార్మికుడు. మగ్గం గదికి ఒకవైపు మట్టిగోడ, కొత్తగా సున్నం కొట్టి ఉంది. కెమెరాను బాగా కిందకు దించితే మగ్గం మీది నూలుపోగులు ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు పరుగెత్తాయి. వెనక తెల్లగోడ, మధ్యలో నేస్తున్న ఆయన. ఏడు ఫోటోలు తీశాను. ఇంటర్ చదువుతున్న ఆయన కూతురు శిరీష నా పక్కనే నిలబడి తన ఫోన్‌తో ఒకటి తీసుకుంది.

సాయంత్రం కంప్యూటర్లో చూస్తే ఏడింటిలోనూ గోడ మీద నల్లటి గీత. ఎడమవైపు పైనుంచి వంకర్లు తిరుగుతూ ఆయన వీపు వెనక్కి దిగింది. నూలుకు సరిగ్గా ఎదురు దిశలో. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. అది గోడకు పడ్డ బీటేననీ, అక్కడ నేనే గమనించలేదనీ అనుకుని, ఒక ఫోటో వాళ్లకు పంపాను.

కాసేపటికే ఆంజనేయులు గారు ఫోన్ చేశారు. "ఫోటో బ్రహ్మాండంగా ఉందండీ. కానీ మా గోడకి బీట ఎక్కడిదండీ?"

శిరీష తీసిన ఫోటో పంపించమన్నాను. అందులో గోడ తెల్లగా ఉంది.

లెన్స్ చూశాను. ఆ రోజే తీసిన మిగతా ఫోటోలు చూశాను. ఎక్కడా గీత లేదు. లెన్స్ మీద గీటే అయితే ఫ్రేములో ఎప్పుడూ ఒకే చోట కనిపించాలి. నేను ఏడుసార్లూ జరిగి తీశాను. గీత మాత్రం గోడ మీద అదే చోట ఉంది.

మర్నాడంతా పని మీద మనసు నిలవలేదు. మంగళవారం స్టూడియో మూసేసి బస్సెక్కాను. గోడంతా అరచేత్తో తడిమాను. నున్నగా ఉంది. సిగ్గుపడుతూనే, "కొన్నాళ్లు ఇక్కడ కూర్చోకండి" అన్నాను.

ఆయన నవ్వేశారు. "ఇది నేల తవ్వి పాతిన గుంట మగ్గమండీ, మంచంలాగా ఎత్తి పక్కనేసేది కాదు. ఫోటోలో గీతుందని నేత మానేస్తే మా పొయ్యి ఎలా వెలుగుద్ది?"

ఆయన భార్య రమణమ్మ గుమ్మం దాకా వచ్చి అడిగింది. "అన్నయ్య గారూ, మీకు భయమేసే వచ్చారా?"

"అవునమ్మా."

ఆ మర్నాటి నుంచి ఆమె భర్తను ఆ మగ్గం దగ్గర కూర్చోనివ్వలేదు. అదే వీధిలో ఉన్న తన తమ్ముడింటికి పనికి పంపింది. ఆయన నాకు ఫోన్ చేసి, "చక్కగా ఉన్న ఇంట్లో గొడవ పెట్టారు సార్" అని పెట్టేశారు.

తర్వాత వాన పట్టుకుంది. రోజూ పొద్దున్నే రమణమ్మకు ఫోన్ చేసేవాణ్ణి. "గోడ బాగానే ఉందండీ" అనేది. వారం దాటేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. వెళ్లి క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆ పొద్దున పది దాటాక శిరీష ఫోన్ చేసింది. ముందు ఏడుపు తప్ప మాట లేదు.

"గోడ మగ్గం మీద పడిపోయిందండీ... నాన్న మావయ్య వాళ్లింట్లో ఉన్నారు."

వెళ్లేసరికి మగ్గం గుంట మట్టితో నిండిపోయి ఉంది. నేత కర్రలు విరిగి పైకి లేచాయి. కొంత గోడ ఇంకా నిలబడి ఉంది. దాని అంచు ఎడమవైపు పైనుంచి ఏటవాలుగా కిందకు దిగింది. నేను ప్రింటు తీసి సంచిలో పెట్టుకున్న ఫోటో రమణమ్మ అడిగి తీసుకుని, ఆ అంచుకు ఎదురుగా పట్టుకుంది. వంకరకు వంకర సరిపోయింది. "ఇది మా ఇంట్లో ఉండొద్దండీ" అని తిరిగిచ్చేసింది. ఆంజనేయులు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

నేల కుంగితే గోడలు అలాగే ఏటవాలుగా చీలతాయని ఇంజనీరు మిత్రుడొకడు చెప్పాడు. ఒప్పుకుంటాను. మరి అంత లావు గీత నా కంటికీ, చేతికీ, ఆ పిల్ల ఫోన్‌కీ ఎందుకు అందలేదు?

ఆరు నెలలకు ఇటుక గోడ లేచింది. కొత్త మగ్గం పూజకు రమ్మని రమణమ్మ పిలిచింది. "కెమెరా తెచ్చుకోండి అన్నయ్య గారూ. గోడ ఒకసారి తీసి చూసి చెబుదురు గానీ" అంది.

తీశాను. తెర మీద తెల్లగోడ తప్ప ఏమీ లేదు. అదే చెప్పాను. ఆమె నా మొహంలోకే చూస్తూ, "ఇంటికెళ్లి పెద్దది చేసి కూడా చూడండి" అంది.

చూశాను. ఏమీ లేదు. అప్పుడు కనిపించిందేమిటో, నా కెమెరాకే ఎందుకు కనిపించిందో ఇవాళ్టికీ తెలియదు. ఒకటి మాత్రం నిజం. మా ఇంట్లో ఏ గోడ ముందు మా ఆవిడ నిలబడి ఫోటో తీయమన్నా, బయటకు రమ్మంటాను.