హాల్లో ఉప్పునీటి తొట్టె

తెనాలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతూ పందొమ్మిదేళ్లుగా బోర్డు మీద పగడపు పాలిప్ బొమ్మ వేస్తున్నాను. నడుమ నోరు, చుట్టూ వేళ్లలాంటి టెంటకిల్స్. ల్యాబ్‌లో సీసాలో తెల్లబడిపోయిన ముక్క తప్ప, ప్రాణంతో ఉన్నదాన్ని ఎన్నడూ చూడలేదు. పోయినేడు వానలు కాస్త తెరిపిచ్చాక హాల్లో, ఎండ పడని గోడ వారన రెండడుగుల గాజు తొట్టె పెట్టించాను.

"గోల్డ్‌ఫిష్‌లా?" అన్నారు మా ఆయన.

"కాదండీ, సముద్రపు జీవాలు."

ఆయన తొట్టె కింది బల్ల ఊగకుండా దాని కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టారు.

ఆ ఆదివారం ఇద్దరం బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లి, నాలుగు క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చాం. సముద్రం ఇంత దగ్గర ఉంటే ఉప్పు పొట్లాలు కొనడమెందుకు అనుకున్నాను. మా మేనమామకు రేపల్లె దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆ వారం మా ఇంటికి వచ్చినప్పుడు, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే చిన్న గొట్టం సంచిలోంచి తీసి, దాని గాజు మీద రెండు చుక్కలేసి వెలుతురుకేసి చూశాడు.

"ఏంటమ్మాయ్, వెయ్యికి ఇరవై నాలుగే ఉంది? ముప్పై అయిదు ఉండొద్దూ?"

"సముద్రం నీళ్లే మావయ్యా."

"సముద్రంవే. వానలకి కాలవలన్నీ వచ్చి అందులోనే పడతాయిగా. ఒడ్డున ముంచుకొస్తే ఎట్టా?"

ఆ నీళ్లు పారబోసి, అక్వేరియం ఉప్పు తెప్పించి ఫిల్టర్ నీళ్లలో కలిపాను. ఇసుక పరిచి రాళ్లు పేర్చాను. ఆ రాళ్లలో మంచి బాక్టీరియా స్థిరపడేదాకా ఏ ప్రాణినీ వెయ్యకూడదు. ఆరు వారాలపాటు తొట్టెలో రాళ్లే. మేడ మీద వాటాలో ఉండే ఆవిడ వచ్చి తొంగి చూశారు.

"చేపలు పోయాయాండీ?"

"ఇంకా వెయ్యలేదండీ."

"మరి లైటు దేనికండీ?"

నిజమే. మర్నాటి నుంచి లైటు ఆపేశాను.

రాతి పగడాలు ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని విజయవాడలో ఒకాయన తన తొట్టెలో పెంచుతున్న మెత్తటి పాలిప్‌లు, చొక్కా గుండీలంతవి, పదకొండు తెచ్చుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం అవి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆకుపచ్చటి నడుమ, చుట్టూ సన్నటి పోగులు కదులుతూ. అన్నం కంచం పట్టుకుని తొట్టె ముందే కూర్చున్నాను. తినడం అయ్యాక కూడా లేవలేదు.

మూడు వారాలకు అవి ముడుచుకుపోయాయి. రెండు రోజులు చూసి మావయ్యకు ఫోన్ చేశాను.

"తొట్టెలో నీళ్లు తగ్గుతున్నాయా?"

"తగ్గుతున్నాయి. రోజూ నింపుతూనే ఉన్నా."

"ఏ నీళ్లతో?"

"ఉప్పు కలిపినవే."

"ఉప్పు ఆవిరవుద్దా అమ్మాయ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన సంగతి. మర్నాడు పొద్దున్నే మావయ్య రైల్లో వచ్చి కొలిచి చూశాడు. నలభై ఒకటి.

"ఒక్కసారే దించమాకు. భయపడి అన్నీ ఒకేరోజు చేస్తేనే నా మొదటి పంట పోయింది. రోజుకో చెంబు తీసెయ్, చెంబుడు మంచినీళ్లు పొయ్యి. అంతే."

అలాగే చేశాను. ఈలోగా అయిదు పాలిప్‌లు కరిగి జిగురైపోయాయి. చెంచాతో వాటిని తీసేశాను. వాటికి అంత బాధపడతానని నేననుకోలేదు. వారం తిరిగేసరికి మిగిలిన ఆరూ విచ్చుకున్నాయి.

వేసవి ముందు తెల్ల చారల నారింజ రంగు చేపలు రెండు వేశాను. వాటిని చూడటానికి మావయ్య మళ్లీ వచ్చి, కుర్చీ లాక్కుని తొట్టెకు దగ్గరగా కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్లుగా నీళ్లు చూస్తున్నా. చెరువు మసగ్గా ఉంటది కదా, అడుగున ఏం జరుగుద్దో ఎప్పుడూ కనపడలేదమ్మాయ్" అన్నాడు.

కాఫీ ఇచ్చాను. చేతిలోనే చల్లారిపోయింది. నాలుగింటి బండి వెళ్లిపోయిందని గుర్తుచేస్తే, "బస్సుకి పోతాలే" అన్నాడు, తొట్టె మీంచి చూపు తిప్పకుండా.