కన్నీళ్లన్నకు మా దుకాణం రాసిన ఉత్తరం

ఆ రోజుల్లో టీవీ మొహం చూడాలంటే ముందు టీవీ ఉన్నవాళ్ల మొహం చూడాల్సి వచ్చేది. వాళ్లు నవ్వితే చాప మీద చోటు, చిట్లిస్తే కిటికీ చువ్వలు. ఇప్పుడు ఇంట్లో మనిషికో తెర ఉంది. వంటల కార్యక్రమంలో ముద్ద నోట్లో పడకముందే 'అబ్బబ్బ' అంటారు, చర్చల్లో అందరూ ఒకేసారి అరుస్తారు, సీరియల్ అత్తగారు ఒక్క మాట అనడానికి మూడు దిక్కుల నుంచి తల తిప్పుతుంది. వీటి గురించి నా అభిప్రాయం ఎవరైనా అడిగారా? లేదు. అప్పుడలా కాదు. వారంవారం నా ఉత్తరం అందకపోతే హైదరాబాదులో టీవీవాళ్లకు కార్యక్రమం మొదలుపెట్టడానికి చేతులాడేవి కావు. (సరే, మొత్తం పదకొండు ఉత్తరాలు రాశాను. వాళ్లు చదివింది ఒక్కటి. ఆ ఒక్కటి చేసిన నిర్వాకమే మీకు చెప్పబోయేది.)

నాకప్పుడు ఇరవై ఏళ్లు. వరంగల్ చౌరస్తా పక్క సందులో ఒక బట్టల దుకాణంలో రైటర్‌ని. రైటర్ అనగానే కథలూ కావ్యాలూ అనుకోకండి. బట్టల మిల్లులకు ఉత్తరాలు రాయడం నా పని. "క్షేమం. మీరు పంపిన బేళ్లు అందినవి. పైమడత చూసి మోసపోతిమి. లోపలి సరుకు నాసిగా ఉన్నది" — ఇదీ నా సాహిత్యం. స్టేషన్ ఘన్‌పూర్ పక్క ఊళ్లో నాగలి తప్ప మరొకటి పట్టని మా నాయిన మాత్రం "మావోడు వరంగల్ల కలం పట్టిండు" అని కనిపించినవాడికల్లా చెప్పుకునేవాడు. ఆ కలం ఊడితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడన్నది నాకు నిత్యం ఉండే భయం. మా సేటుకొక పద్ధతి ఉండేది. సోమవారం పొద్దున దుకాణంలో దీపం పెట్టి, ఖాళీ లెటర్‌హెడ్ల మీద కింద వరసగా సంతకాలు చేసి నా చేతికిచ్చేవాడు. వారమంతా వాటి మీద నేనేం రాస్తే అదే దుకాణం మాట. "ఒక్కొక్కటి చదువుకుంట కూసుంటే యాపారం ఎప్పుడు చెయ్యాలెరా రైటరూ? నువ్వున్నవ్ గద, నాకేం ఫికర్" అనేవాడు.

సేటు ఇల్లు దుకాణం వెనకే. శుక్రవారం సాయంత్రం సీరియల్ వేళకు ఆ హాలు వేలాది జనంతో కిక్కిరిసిపోయేది. (గుమ్మం బయట చెప్పుల జతలు పద్నాలుగు. నేనే లెక్కపెట్టాను.) ముందు మంచం మీద సేటు తల్లి, మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. కథ ఏమిటంటే, తమ్ముళ్ల కోసం సర్వం త్యాగం చేసే ఒక అన్న. వాడు వారానికి మూడుసార్లు ఏడ్చేవాడు. మా బజారులో అతనికి పేరు లేదు, కన్నీళ్లన్న అంతే. పెద్దమ్మ తెరకు ఎదురుగా చెయ్యి ఊపుతూ, "ఏడ్వకు బిడ్డా, నీ తమ్ముండ్లు మంచోళ్లు కారని నేను మొదటి వారమే చెప్పిన, ఇంటివా?" అనేది. తెర మీద పేర్లు పడుతుండగానే సేటు గురక పెట్టేవాడు.

నాకు మాత్రం నాలుగో వారం నుంచి ఒళ్లు మండటం మొదలైంది. ఒక శనివారం గిరాకీ లేదు. ముందర సంతకం పెట్టిన కాగితం ఒకటి మిగిలి ఉంది. నా పాత పది ఉత్తరాలూ పోస్టుకార్డు మీద నా పేరుతోనే రాశాను, జవాబుకు దిక్కులేదు. అప్పుడు తట్టింది. టీవీ సేటుది, కరెంటు సేటుది, కూర్చున్న చాప సేటుది. అభిప్రాయం ఒక్కటీ నాదెట్లా అవుతుంది? న్యాయంగా అది దుకాణానిదే కదా! రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ ఇలా నడిచింది: "క్షేమం. మీరు పంపుతున్న సీరియల్ ప్రతి శుక్రవారం అందుతున్నది. మొదటి మూడు వారాలు నేత గట్టిగా ఉన్నది. నాలుగో వారం నుంచి సదరు అన్నగారి ఏడుపు పలచబడినది. తమ్ముడు ఇల్లు విడిచినా, పాలు విరిగినా ఒకటే రంగు. ఒక్క ఉతుకుకు నిలిచేది కాదు. ఇకముందు సరుకు పరీక్షించి పంపగలరు. వార్తలు చదివే అమ్మగారు మాత్రం మొదటి రకం."

డబ్బాలో వేసి మరిచిపోయాను. ఈలోగా సేటు మేడ మీద చీరల విభాగం కట్టించాడు. రిబ్బను ఎవరు కత్తిరించాలన్న మాట వచ్చింది. "నా కన్నీళ్లన్న రావాలె, లేకుంటే నేను మెట్లెక్క" అని పెద్దమ్మ పట్టుబట్టింది. ఎవరెవరినో పట్టుకుని హైదరాబాదు కబురు పంపితే ఆయన ఒప్పుకున్నాడు. పరకాల, నెక్కొండ దాకా గోడల మీద కాగితాలు అంటించారు. రావడం బుధవారం. సరిగ్గా దానికి ముందు ఆదివారం సాయంత్రం, ప్రేక్షకుల ఉత్తరాల కార్యక్రమంలో, నవ్వాపుకుంటూ ఒకమ్మాయి నా ఉత్తరం చదివింది. అక్షరం పొల్లుపోకుండా. చివర్లో దుకాణం పేరు, సేటు పేరు, వరంగల్.

పెద్దమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది. "నువ్వారా? పుట్టి బుద్ధెరిగినసంది ఒక్క ఉత్తరం రాయకపోతివి. రాసి రాసి గిదా రాసేది? ఇంటికి పిల్శినోన్ని గట్లంటరా?" అప్పుడే గురక నుంచి లేచిన సేటు, "నేనేమన్ననే అవ్వా?" అన్నాడు. పక్కవాళ్లు చెప్పారు. ఆయన నన్ను చూశాడు. నేను ఫ్యానును చూశాను. "బుధారం ఆయన వస్తాండు," అన్నాడు సేటు చాలా మెల్లగా. "ఆయనను సాగనంపినంక నీ సంగతి చూస్త."

బుధవారం ఆయన వచ్చాడు. జనం చెట్లెక్కారు. (మా సందులో చెట్లు లేవు. ఒకడు కరెంటు స్తంభం ఎక్కబోతే దించారు.) తెర మీద కంటే సన్నగా, పొట్టిగా, బడిపంతులులా ఉన్నాడు. నేను బేళ్ల వెనక నక్కాను. ఆయన టీ తాగి, కప్పు కింద పెట్టి, "ఆ ఉత్తరం రాసింది మీరేనా అండీ?" అని సేటును అడిగాడు. నా పేరు చెబితే సేటుకు తలనొప్పి వదిలేది. సేటు, "మా దుకాణం కాయితం, మా సంతకం. మేమే రాసినం సార్" అన్నాడు.

"కోపం లేదండీ. 'మీరు ఏడిస్తే మేమూ ఏడ్చాం' అని అందరూ సంచుల కొద్దీ ఉత్తరాలు రాస్తారు. నాలుగో వారం నుంచి పలచబడిందని ఒక్కరూ రాయలేదు. నాకూ అక్కడి నుంచే అనుమానం. ఎక్కడ తేడా వచ్చిందో చెబితే దిద్దుకుంటాను" అంటూ ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కూ పెన్నూ తీశాడు. సీరియల్ ఒక్క వారమూ చూడని సేటు బేళ్ల వైపు తిరిగి, "గా ముచ్చట జెప్పెటోడు వేరే ఉన్నడు సార్. రైటరూ! ఇటు రారా" అని పిలిచాడు.

నేను వెళ్లి, ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ, ఏడుపు రకాల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన నోటుబుక్కు నిండిపోయింది. ఇలా నేను నలభై ఏళ్లుగా చెప్పుకుంటూ వస్తున్నాను. మా ఆవిడ కూడా నమ్మింది. జరిగింది వేరు. ఆయన మెడలో దండ, పెద్దమ్మ చేతిలో ఆయన చెయ్యి, చుట్టూ జనం. నా నోటికి వచ్చింది ఇదీ: "అద్భుతం సార్! ఉత్తరంల ఏదో పొరపాటు పడ్డది. మీరు ఏడిస్తే మా బజారంతా తడుస్తది సార్."

ఆయన నవ్వు చెరగలేదు, కానీ చిన్నదైపోయింది. "అలాగా. మంచిదండీ" అని పెన్నుకు మూత పెట్టి, లేచి వెళ్లి రిబ్బను కత్తిరించాడు.

ఆయన కారు మలుపు తిరిగాక, "సంచి సర్దుకోవాల్నా సేటూ?" అన్నాను. "ఎందుకు? రాసినందుకా? సరుకు నాసిగుంటే నాసి అని రాస్తవనే గద నీకు సంతకం జేసిచ్చుడు. పిలిచినోని గురించే రాస్తివి, సరే, అదీ మింగిన. కని గా మనిషి పని నేర్సుకుందమని అడిగిండురా. సరుకును జూసి రాసినోనివి, మనిషిని జూసి మార్చినవ్." అంతే అన్నాడు. నౌకరీ ఉంది. మా నాయిన మొహమూ నిలబడింది. కానీ మరుసటి సోమవారం నుంచి నేను రాసిన ప్రతి కాగితాన్నీ సేటు పెదవులు కదుపుతూ మొత్తం చదివి, ఆ తర్వాతే సంతకం చేశాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. తర్వాతి వారాల్లో కన్నీళ్లన్న ఏడుపు తగ్గింది. అది నా ఉత్తరం మహిమేనని చాలాకాలం చెప్పుకున్నాను. (కథలో ఆయన చనిపోయాడు లెండి. పోయినవాళ్లు ఏడవరు.)

మొన్న మా సందులో పిల్ల ఒకతి టీవీలో పాటల పోటీకి ఎక్కింది. తిరిగొచ్చి నేరుగా మా ఇంటికొచ్చి, "చూసినవా తాతా? ఎట్ల పాడిన?" అంది. వెనక వాళ్లమ్మ, మా ఆవిడ, అందరి మొహాల మీదా ఒకటే జవాబు సిద్ధంగా ఉంది. నాకూ నాలుక మీదికి 'అద్భుతం' వచ్చేసింది. దాన్ని మింగడానికి కొంచెం సేపు పట్టింది. "బాగనే పాడినవ్ బిడ్డా. కని రెండో చరణంల పైకి పోయినకాడ గొంతు జారింది" అన్నాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు రాయడానికి భాష చాలదు. పిల్ల మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏడ జారింది? పాడి చూపియ్యి జర."

పాడాను. ఆ పిల్ల పొట్ట పట్టుకుని గోడకు చేరగిలబడి నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ చోటును నెమ్మదిగా రెండుసార్లు తనే పాడి చూసుకుంది. (ఆమె గెలిచిందని రాద్దామనుకున్నాను. మరుసటి రౌండులోనే వెనక్కొచ్చింది.) అప్పటి ఆ ఇరవై ఏళ్ల రైటర్‌ని బేళ్ల వెనక నుంచి చెవి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలనిపించింది: చూడరా, ఉన్నమాట అన్నాను, ఆ పిల్ల ఇంకా మా ఇంట్లోనే కూర్చుని టీ తాగుతోంది.